అపు చూసిన రైలు

ప్రశ్న: సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి'లో రైలు అంటే కొత్త ప్రపంచానికి గుర్తు అని ఎక్కడ చూసినా రాస్తారు. తర్వాతి రెండు సినిమాల్లోనూ రైలు వస్తూనే ఉంటుంది. అన్నిచోట్లా అర్థం అదేనా? అసలివి దర్శకుడు అనుకుని పెట్టినవా, మనమే కల్పించుకుంటున్నామా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అదొక్కటే కాదండీ. రైలుకి ఒకే అర్థం అంటగడితే మూడు సినిమాలూ మన చేతికి చిక్కవు. నేనైతే ప్రతిసారీ ఆ రైలుని చూస్తున్నదెవరు, ఎంత దూరం నుంచి అని గమనిస్తాను.

1955 నాటి మొదటి సినిమాలో రైలు ముందు చెవినే పడుతుంది. రాత్రిపూట ఇంట్లో కూత విని, రైలు చూశావా అని పల్లెటూరి పిల్లాడు అపు, అక్క దుర్గని అడుగుతాడు. తర్వాత రెల్లు పొలం. దుర్గ స్తంభానికి చెవి ఆనించి తీగల హోరు వింటుంది. రైలు కనబడగానే ఇద్దరూ పరుగు తీస్తారు, దుర్గ మధ్యలో తూలి పడిపోతుంది. పట్టాల దాకా చేరేది అపు ఒక్కడే. అప్పుడు కెమెరా అవతలి వైపు ఉంటుంది, కదిలే చక్రాల సందుల్లోంచి వాడు కనబడతాడు. కొన్నాళ్లకే దుర్గ జ్వరంతో పోతుంది. ఒకే రైలు, అపుకి అందినట్టు దుర్గకి అందలేదు.

రెండో సినిమా 'అపరాజితో'లో చూసేది అపు తల్లి. కొడుకు కలకత్తాలో చదువుకుంటుంటే, దూరంగా పోయే బండి వైపు చూస్తూ కూర్చుంటుంది. కొడుకుని తీసుకెళ్లిన రైలు అది.

మూడోది 'అపుర్ సంసార్'లో, పెద్దవాడైన అపు అద్దె గది పట్టాల పక్కనే. ఆ కూతకి భార్య అపర్ణ చెవులు మూసుకుంటుంది. ఆమె పోయాక, చనిపోదామని అదే పట్టాల దగ్గరికి వెళ్తాడు. చివరికి, పుట్టినప్పటి నుంచీ చూడని కొడుక్కి బొమ్మ రైలు తెస్తే వాడు విసిరికొడతాడు.

ఇక అనుకుని పెట్టినవేనా అన్నారు. మొదటి సినిమాలోని ఆ రెల్లుపూల సీను 1952 అక్టోబరులో సగం తీశారు. మళ్లీ వెళ్లేసరికి పశువులు పూలన్నీ మేసేశాయి. చేతిలో డబ్బుల్లేని రోజుల్లో కూడా మళ్లీ పూత వచ్చేదాకా ఆగారు తప్ప, ఇంకోచోట ఎలాగోలా కానిచ్చెయ్యలేదు. తెల్లటి రెల్లు మీద నల్లటి పొగ కావాలి మరి. ఇంత పట్టుదల ఊరికే రాదు.

రైలు ధ్యాసలో పడి, 'పథేర్ పాంచాలి'లోని దండని మాత్రం వదిలేయకండి. దొంగిలించావని దుర్గ తిట్లు తిన్న పూసల దండ, ఊరు వదిలే ముందు అపు కంట పడుతుంది. ఎవరికీ చెప్పకుండా చెరువులోకి విసిరేస్తాడు. నాచు విడిపోయి, మెల్లగా మళ్లీ కమ్ముకుంటుంది. మాట లేకుండా అక్క గుట్టుని తమ్ముడు కాపాడాడు. నన్నడిగితే రైలు సీనుకన్నా ఇదే గొప్ప షాట్.