ఎంపీసీ వద్దనుకునే ముందు ఒక్కమాట

ప్రశ్న: మాది దిల్‌సుఖ్‌నగర్. పదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి కంప్యూటర్ కోర్సు చదవాలని కోరిక. పరీక్షలో 91ని ప్రధాన సంఖ్య అనీ, 8, 15 సాపేక్ష ప్రధాన సంఖ్యలు కావనీ రాసింది. ఇంటర్లో ఎంపీసీ మాన్పించమంటారా? - ఒక తల్లి

జవాబు: ఈ రెండు తప్పులను చూసి ఎంపీసీ మాన్పించకండి అమ్మా. మొదటిది చాలామంది పిల్లలు చేసే పొరపాటే. ఎక్కాలు పదింటి వరకే నోటికి వస్తాయి కాబట్టి ఏడు పదమూళ్లు తొంభై ఒకటి అన్నది వెంటనే తట్టదు. 91 పదిపదుల వంద కన్నా తక్కువ గనుక, దానికి 1, 91 కాక వేరే కారణాంకాలుంటే వాటిలో ఒకటైనా పదిలోపు ఉండి తీరాలి. అందువల్ల 2, 3, 5, 7లతో భాగించి చూస్తే సరిపోతుంది. ఏడుతో భాగింపబడింది కాబట్టి అది ప్రధాన సంఖ్య కాదు, సంయుక్త సంఖ్య.

రెండో తప్పుకు కారణం వేరు. 8, 15 రెండూ సంయుక్త సంఖ్యలే కదా, ప్రధానం ఎలా అవుతాయని ఆమె అనుకొని ఉంటుంది. ప్రధానమా, సంయుక్తమా అన్నది ఒక్కో సంఖ్యకు ఉండే గుణం. సాపేక్ష ప్రధానం అన్నది రెండు సంఖ్యల మధ్య వరుస: 1 తప్ప రెండింటినీ భాగించే సంఖ్య ఉండకూడదు. ఎవరూ ఒంటరిగా వియ్యంకులు కాలేరు కదా! 8కి 1, 2, 4, 8. 15కి 1, 3, 5, 15 కారణాంకాలు. ఉమ్మడిగా ఉన్నది 1 ఒక్కటే, అదే ఇక్కడ అడిగే షరతు.

వర్గమూలం 2 కరణీయ సంఖ్య, అంటే రెండు పూర్ణ సంఖ్యల భిన్నంగా రాయలేనిది అని పదో తరగతిలో చేసే నిరూపణ ఈ షరతుతోనే మొదలవుతుంది. ఆమె కోరుకునే రంగంలోనూ ఇది అక్కరకొస్తుంది. 1977లో రూపొందిన ఆర్‌ఎస్‌ఏ అనే రహస్య సంకేత పద్ధతిలో రెండు ప్రధాన సంఖ్యలను ఎంచుకుంటారు. చిన్నవి 3, 11 తీసుకుంటే లబ్ధం 33. ఒక్కొక్కటి తగ్గించి గుణిస్తే 2, 10ల లబ్ధం 20. సందేశానికి తాళం వేసే సంఖ్య ఈ 20తో సాపేక్ష ప్రధానం కావాలి. 3 పనికొస్తుంది, 5 పనికిరాదు; 5తో తాళం వేస్తే తెరిచే చెవి దొరకదు. నిజమైన వాడకంలో ఆ ప్రధాన సంఖ్యలు వందల అంకెలతో ఉంటాయి.

ఈ విద్యను నమ్ముకొని పనిచేసే సంస్థలు మన ఊళ్లోనే ఉన్నాయి. మాసాబ్ ట్యాంక్‌లో రిజర్వ్ బ్యాంకు నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ బ్యాంకింగ్ సాంకేతికత, భద్రతలపై పరిశోధన చేస్తుంది. భారత గణాంక సంస్థకు హబ్సిగూడలో కేంద్రం ఉంది. ఆ సంస్థే కోల్‌కతాలో క్రిప్టాలజీ (రహస్య సంకేతాల శాస్త్రం), సెక్యూరిటీలో ఎంటెక్ నడుపుతోంది. ఇంటర్లో గణితం వదిలేస్తే ఈ దారి దాదాపు మూసుకుపోతుంది.

ఈ ఆదివారం ఆమె చేత 1 నుంచి 100 వరకు రాయించండి. 1 ప్రధానమూ కాదు, సంయుక్తమూ కాదు గనుక ముందే కొట్టేయించి, 2, 3, 5, 7లను ఉంచి వాటి గుణిజాలన్నీ కొట్టేయమనండి. ఇరవై ఐదు మిగలాలి. ఇరవై ఆరు మిగిలితే, ఏడో ఎక్కాన్ని పదమూడు దాకా చదివించండి.