జరగడం జరిగింది

చి॥ అమ్మాయికి ఆశీస్సులు.

కథ అందింది. కూలిపోయిన బ్రిటన్ వాయుసేన నిఘా విమానం నిమ్రాడ్ లోపల సిబ్బంది మాటలు చెవిన పడ్డట్టే రాశావు. అంతవరకు సరే. కానీ ఏడో పేజీలో 'సాంకేతిక లోపం తలెత్తడం జరిగింది' అన్నావు చూడు, అక్కడ కాగితాలు బల్ల మీద పడేసి కాసేపు వాకిట్లో తిరిగొచ్చాను. తలెత్తడానికి లోపమేమన్నా పడగ ఉన్న పామా?

2006 సెప్టెంబరు 2న కాందహార్ దగ్గర ఎక్స్‌వీ230 అన్న ఆ నిమ్రాడ్ గాలిలోనే ట్యాంకరు విమానం నుంచి ఇంధనం నింపుకుంది. కాసేపటికే మంటలు. ఒలికిన ఇంధనం కుడిరెక్క మొదట్లో ఉన్న ఓ అరలో చేరి, సలసల కాగే గాలి గొట్టానికి తగిలి ఉంటుందన్నారు. ఆ అరలో మంటను పసిగట్టే పరికరం లేదు, ఆర్పేదీ లేదు. 14 మంది పోయారు. గొట్టం దానంతటది అక్కడికి నడిచి రాలేదమ్మా, మనుషులు బిగించారు. 1969లో వచ్చిన విమానానికి తర్వాత మరికొన్ని వేడిగాలి గొట్టాలు తగిలించారు. 1982లో ఫాక్‌లాండ్స్ యుద్ధపు హడావిడిలో గాలిలో ఇంధనం నింపుకునే ఏర్పాటూ చేర్చారు. 2004లో ఇంకో నిమ్రాడ్‌లో అలాంటి గొట్టమే పగిలింది కూడా.

అసలు కథ కాగితాల్లో ఉంది, నువ్వు అటు వెళ్లనే లేదు. ఎక్కడెక్కడ ప్రమాదం పొంచి ఉందో, దానికి ఏం చేశారో రాసిపెట్టే దస్తావేజును వాళ్లు 'సేఫ్టీ కేసు' అంటారు. నిమ్రాడ్‌కి దాన్ని బీఏఈ సిస్టమ్స్ అన్న కంపెనీ తయారుచేసింది, కైనెటిక్ అన్న ఇంకో కంపెనీ సలహాదారుగా ఉంది, రక్షణ శాఖ బృందం సరేనంది. అందులో నూటికి నలభై ప్రమాదాల ఎదురుగా 'ఓపెన్', అంటే ఇంకా తేలలేదనీ, ముప్పైకి 'అన్‌క్లాసిఫైడ్', అంటే ఎంత ప్రమాదమో లెక్క కట్టలేదనీ ఉండిపోయింది. అయినా పని అయిపోయిందన్నారు! ముప్పై ఏళ్లుగా ఎగురుతోంది, దానికేమవుతుందన్న ధీమా. 2009లో విచారణ జరిపిన న్యాయవాది హాడన్-కేవ్ నివేదిక వాళ్లను కడిగేసింది. సంస్థలతో ఆగకుండా మనుషుల పేర్లు కూడా రాశాడాయన. నువ్వు మాత్రం 'జరిగింది' దగ్గర ఆగావు.

ఈ 'జరిగింది' మీద నాది పాత పగ. ఒక వారపత్రికలో సబ్ ఎడిటరు నా కథలో 'ఇంజనీరు చూడలేదు' అన్నదాన్ని 'చూడకపోవడం జరిగింది'గా దిద్దాడు. గౌరవంగా ఉంటుందట. ఎవరికి గౌరవం?

పగకి ఇంకో కారణం ఉంది. పాతికేళ్ల వయసులో నేనో పంపుహౌసులో గుమాస్తాని. నెలకు రెండుసార్లు 'తనిఖీ చేశాను' అన్న గడిలో సంతకం పెట్టేవాణ్ణి, మోటారు మొహం చూడకుండానే. ఓ రాత్రి వైర్లు అంటుకుని వాచ్‌మన్ చెయ్యి కాలింది. రిపోర్టు నేనే రాశాను: 'మోటారు కాలిపోవడం జరిగింది.' ఎవరూ మారు మాట అడగలేదు. వాచ్‌మన్ ఆ తర్వాత ఎడమచేత్తో టీ తాగేవాడు, నాకెదురుగా కూర్చునే.

అలాగని తొందరపడి ఎవణ్ణో ఒకణ్ణి కర్తను చేసెయ్యకు. 1994 జూన్ 2న స్కాట్లండ్‌లోని మల్ ఆఫ్ కింటైర్ కొండకి బ్రిటన్ వాయుసేన హెలికాప్టరు చినూక్ గుద్దుకుని 29 మంది పోయారు. తప్పంతా చనిపోయిన ఇద్దరు పైలట్లదేనని వాయుసేన పెద్దలు ఇద్దరు ఎయిర్ మార్షళ్లు తేల్చేశారు. పోయినవాళ్ల మీద నిర్లక్ష్యం మోపాలంటే రవ్వంత సందేహం కూడా ఉండకూడదన్నది వాళ్ల నిబంధనే. మరి ప్రమాదానికి ముందురోజే సైనిక విమానాలను పరీక్షించే బాస్కూంబ్ డౌన్ కేంద్రం ఆ కొత్తరకం చినూక్‌లను ఎగరేయడం ఆపేసింది. పైలట్ల మీద పడ్డ ఆ మచ్చ తుడవడానికి 2011 దాకా పట్టింది. కర్తగా పైలట్లు దొరికారు, ఎందుకంటే వాళ్లు జవాబు చెప్పరు.

ఏ పత్రికకి పంపాలని అడిగావు. అది ఇప్పుడెందుకు? విమానాన్ని కాసేపు వదిలెయ్. సేఫ్టీ కేసు మీద ఆఖరి సమావేశం పెట్టిన గదిలోకి వెళ్లు. పేర్లు నీవి పెట్టు. 'ఓపెన్' అన్న వరసలు చూసీ పేజీ తిప్పిన మనిషిని కూర్చోబెట్టు. ఆ సాయంత్రం ఇంటికెళ్లి ఏం తిన్నాడో రాసి పంపు.