స్నోఫ్లేక్ నేటివ్ యాప్ అప్‌గ్రేడ్ అయ్యాక కస్టమర్ డేటా ఎందుకు పోతోంది?

స్నోఫ్లేక్ నేటివ్ యాప్ (స్నోఫ్లేక్ డేటా ప్లాట్‌ఫామ్‌లో కస్టమర్ తన అకౌంట్‌లోనే ఇన్‌స్టాల్ చేసుకునే యాప్) కొత్త వెర్షన్ వదిలాక పాత కస్టమర్ల సెట్టింగ్స్ అన్నీ ఖాళీ అయిపోయాయని, కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే మాత్రం అంతా బాగానే ఉందని అడిగారు. ముందు మీ సెటప్ స్క్రిప్ట్ (యాప్‌కి కావాల్సిన టేబుల్స్, ప్రొసీజర్లు తయారుచేసే ఎస్‌క్యూఎల్ ఫైల్) తెరిచి 'క్రియేట్ ఆర్ రీప్లేస్ టేబుల్' అని ఎక్కడైనా ఉందేమో వెతకండి. ఆ కమాండ్ ఉన్న టేబుల్‌ని తీసేసి, దాని స్థానంలో ఖాళీ టేబుల్ పెడుతుంది. మాకు జరిగింది అదే.

బెంగళూరులో, మారతహళ్లి ఆఫీసులో ఉన్నాను. కస్టమర్ దగ్గర పనిచేసే నెల్లూరు అమ్మాయి ఫోన్ చేసి, "రెండు రోజులు కూర్చుని మా షాపుల మ్యాపింగ్ అంతా ఎక్కించానండీ, ఇప్పుడు ఒక్క రో కూడా లేదు" అంది. గొంతులో ఏడుపు తెలుస్తోంది. ఆ టేబుల్‌ని తుడిచేసింది నేను రాసిన లైనే. ఆమె దగ్గర ఎక్సెల్ ఫైల్ ఉండబట్టి సరిపోయింది.

అసలు సంగతేమిటంటే, ఇన్‌స్టాల్‌కి ఒక స్క్రిప్ట్, అప్‌గ్రేడ్‌కి ఇంకో స్క్రిప్ట్ అంటూ ఉండవు. ప్రతి అప్‌గ్రేడ్‌లో, చిన్న ప్యాచ్ అయినా సరే, కొత్త వెర్షన్ సెటప్ స్క్రిప్ట్ మొదటి నుంచీ నడుస్తుంది. కస్టమర్ డేటా ఉండే టేబుల్స్‌ని మామూలు స్కీమాలో (అప్‌గ్రేడ్ తర్వాత కూడా అలాగే ఉండే చోట) పెట్టి 'క్రియేట్ టేబుల్ ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్స్' అని రాయండి. కొత్త కాలమ్ కావాలంటే కింద 'ఆల్టర్ టేబుల్ యాడ్ కాలమ్ ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్స్' చేర్చండి. ప్రొసీజర్లు, ఫంక్షన్లు, వ్యూలు వెర్షన్డ్ స్కీమాలోకి (ప్రతి వెర్షన్‌కీ విడిగా ఉండే చోటికి) వెళ్లాలి. అక్కడ ఆర్ రీప్లేస్ వాడినా భయం లేదు, కానీ అప్లికేషన్ రోల్‌కి (కస్టమర్ వైపు వాళ్లు యాప్‌ని వాడేందుకు ఉండే రోల్‌కి) గ్రాంట్లు, అంటే అనుమతులు, అదే స్క్రిప్ట్‌లో మళ్లీ ఇవ్వాలి.

అప్‌గ్రేడ్ జరిగేటప్పుడు పాత వెర్షన్ మీద మొదలైన జాబ్‌లు పాత కోడ్‌తోనే పూర్తవుతాయి. రిలీజ్ డైరెక్టివ్ (ఏ కస్టమర్‌కి ఏ వెర్షన్ వెళ్లాలో చెప్పే సెట్టింగ్) మార్చగానే అందరికీ ఒకేసారి అప్‌గ్రేడ్ అవదు కూడా. అందుకని పాత కోడ్ చదివే కాలమ్‌ని అదే రిలీజ్‌లో డ్రాప్ చేయొద్దు. ముందు కోడ్‌లో వాడకం ఆపండి, తర్వాతి రిలీజ్‌లో తీసేయండి.

టెస్టింగ్ గురించి గట్టిగా చెబుతున్నాను. కొత్త అకౌంట్‌లో ఇన్‌స్టాల్ చేసి చూస్తే ఈ తప్పు ఎప్పటికీ బయటపడదు, అప్పటికి పోవడానికి డేటానే ఉండదు. పాత వెర్షన్ పెట్టి, చేత్తో టేబుల్‌లో నాలుగు వరుసలు ఎక్కించి, 'ఆల్టర్ అప్లికేషన్ అప్‌గ్రేడ్' నడిపి, ఆ నాలుగూ ఉన్నాయో లేదో చూడండి. మా టీమ్‌లో ఈ టెస్ట్ చేయకుండా ఇప్పుడు ఏ రిలీజూ బయటికి వెళ్లదు.

ఇవన్నీ సరిగానే ఉండి కూడా డేటా పోతుంటే, టేబుల్స్ తయారుచేసే భాగం వరకు స్క్రిప్ట్ ఇక్కడ పెట్టండి, చూస్తాను.