మెట్లెక్కే కుర్రాడు ఏమయ్యాడు?

ప్రశ్న: పదేళ్ళుగా నాకు బాగా ఇష్టమైన పాట ఒకటుంది. వినడమే కానీ దాని వీడియో ఎప్పుడూ చూడలేదు. వింటున్నప్పుడల్లా రాత్రి, వాన, ఖాళీ రైలు పెట్టె కనిపించేవి. పోయిన నెల వీడియో చూశాను. ఎండ, ఇసుక, ఇరవై మంది డాన్సు! అప్పటినుంచి నా రైలు రావడం మానేసింది. అసలు చూడకుండా ఉండాల్సిందా మేడమ్?

జవాబు: మీ రైలు రద్దు కాలేదండీ, ఆలస్యంగా నడుస్తోంది. నాకూ ఇలాగే జరిగింది.

మా అన్నయ్య రేడియోలోంచి పట్టిన క్యాసెట్ ఒకటి మా ఇంట్లో ఉండేది. రెండో వైపు మూడో పాట 'టేక్ ఆన్ మీ'. బృందం పేరు ఆ-హా. నార్వే కుర్రాళ్ళు పెట్టుకున్న పేరే అయినా, మనవాళ్ళెవరో తల ఊపుతూ మెచ్చుకున్నట్టు ఉండేది నాకు. పాట పూర్తి కాకముందే అనౌన్సర్ గొంతు అడ్డం పడేది. ఇప్పటికీ ఎక్కడ విన్నా సరిగ్గా ఆ చోట ఆయన కోసం చూస్తాను. పల్లవిలో ఆ బృందం గాయకుడు మోర్టెన్ హార్కెట్ గొంతు కింద మొదలై, మెట్టు మెట్టుగా ఎక్కుతూ, చివరికి సన్నటి పీలగొంతులోకి, ఫాల్సెట్టో అంటారే, అందులోకి వెళ్ళిపోతుంది. అది వింటే నాకు చేతిలో ఉత్తరంతో మేడమెట్లు రెండేసి చొప్పున ఎక్కేస్తున్న ఒక కుర్రాడు కనిపించేవాడు. పై స్వరం అందితే డాబా వచ్చేసినట్టే. ఆ ఉత్తరం ఎవరికో మాత్రం ఎప్పుడూ తేలలేదు. వాడు డాబా మీదికి చేరేలోపే పాట మళ్ళీ చరణంలోకి దిగిపోయేది.

చాలా ఏళ్ళకు టీవీలో దాని వీడియో చూశాను. 1985లో స్టీవ్ బారన్ తీసినది. కాఫీ షాపులో కూర్చున్న అమ్మాయి ముందు, కామిక్ పుస్తకంలోంచి పెన్సిలు గీతల చెయ్యి ఒకటి బయటకు చాచి ఆమెను లోపలికి పిలుస్తుంది. ముందు మనుషులతో మామూలుగా షూట్ చేసి, ఆ ఫ్రేముల మీద ఒక్కొక్క బొమ్మా చేత్తో గీశారు. దాదాపు 3,000 బొమ్మలు. రోటోస్కోపింగ్ అంటారు దీన్ని. ఆ పనితనానికి నోరు తెరుచుకుని చూశాను. మర్నాడు క్యాసెట్ పెడితే కుర్రాడు లేడు. అన్నీ పెన్సిలు గీతలే.

కొన్నాళ్ళు ఆ వీడియో మీద కోపంగానే ఉండేది. తరువాత తెలిసిన సంగతేమిటంటే, ఈ పాట 1984లోనే ఒకసారి వచ్చింది. బృందం నిలబడి పాడే సాదా వీడియో ఒకటి దానికి ఉండేది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పాటను మళ్ళీ రికార్డు చేసి, ఈ పెన్సిలు వీడియో తోడు చేశాకే అమెరికాలో మొదటి స్థానానికి వెళ్ళింది. అంటే, నా కుర్రాణ్ణి మాయం చేసిన వీడియో లేకపోతే ఆ పాట మా అన్నయ్య రేడియో దాకా వచ్చేదో లేదో! కోపం సగం దిగింది.

మిగతా సగం 2017లో దిగింది. ఆ ఏడాది ఆ-హా వాళ్ళు ఎమ్‌టీవీ అనే మ్యూజిక్ ఛానెల్ వాళ్ళ 'అన్‌ప్లగ్‌డ్' కార్యక్రమం కోసం అదే పాటను బాగా నెమ్మదిగా, హడావుడి లేకుండా పాడారు. వీడియోలో బొమ్మలు మారే తీరంతా నా బుర్రలో పాత వేగానికి అతుక్కుపోయి ఉంది. వేగం పడిపోయేసరికి ఆ బొమ్మలకు ఎప్పుడు కదలాలో తెలియలేదు. కళ్ళు మూసుకున్నాను. మెట్లు కనిపించాయి. వాడే! కాకపోతే ఇప్పుడు రెండేసి ఎక్కడం లేదు. మలుపు మలుపుకీ రెయిలింగ్ పట్టుకుని ఊపిరి తీసుకుంటున్నాడు. వాడి మోకాళ్ళూ నా మోకాళ్ళలాగే అయినట్టున్నాయి.

మీ పాటకు లైవ్ రికార్డింగు ఏదైనా ఉందేమో వెతకండి. ఒక్క గిటారుతోనో పియానోతోనో పాడినదైతే మరీ మంచిది. ఆ ఇరవై మందికీ అడుగు కలవకూడదు, అదే కిటుకు.

ప్రశ్న: మ్యూజిక్ వీడియోలు ఎమ్‌టీవీతోనే పుట్టాయని మా ఫ్రెండ్ అంటాడు. కాదని పందెం కాశాను. గెలుస్తానా?

జవాబు: గెలిచేశారు. 1981 ఆగస్టు 1న ఆ ఛానెల్ మొదలైనప్పుడు వేసిన తొలి వీడియో బగుల్స్ వాళ్ళ 'వీడియో కిల్డ్ ది రేడియో స్టార్'. అదే అప్పటికి రెండేళ్ళ పాతది. క్వీన్ బృందం 'బొహీమియన్ రాప్సొడీ' వీడియో 1975 నాటిది. ఇంకా వెనక్కి వెళ్తే, 1965లో బాబ్ డిలన్ ఒక సందులో నిలబడి, 'సబ్‌టెర్రేనియన్ హోమ్‌సిక్ బ్లూస్' పాటలోని మాటలు రాసిన అట్టలు ఒక్కొక్కటే కింద పడేస్తాడు. ఒక డాక్యుమెంటరీకి మొదటి దృశ్యమది. వెనకాల ఓ పక్కన కవి ఆలెన్ గిన్స్‌బర్గ్ ఎవరితోనో మాట్లాడుతూ నిలబడి ఉంటాడు, ఈ గోలతో తనకేం సంబంధం లేనట్టు. నేను డిలన్ కంటే ఆయన్నే ఎక్కువసార్లు చూశాను.

ప్రశ్న: బాగా నచ్చి కూడా మీరు మళ్ళీ చూడని వీడియో ఏదైనా ఉందా?

జవాబు: ఉంది, 'హర్ట్'. 1994లో నైన్ ఇంచ్ నెయిల్స్ వాళ్ళు చేసిన పాట అది. కుర్రతనపు ఉక్రోషంలాగే వినిపించేది నాకు. తరువాత దాన్ని అమెరికన్ గాయకుడు జానీ క్యాష్ ముసలితనంలో పాడాడు. మాటలు దాదాపు అవే. మార్క్ రోమనెక్ తీసిన వీడియోలో ఆ పెద్దాయన విందు బల్ల ముందు ఒక్కడే కూర్చుని, వణికే చేత్తో గ్లాసులోని వైన్ బల్ల మీద ఒంపేస్తాడు. భార్య జూన్ మెట్ల మీద నిలబడి ఆయన్నే చూస్తుంటుంది. 2003 మే నెలలో ఆమె, సెప్టెంబరులో ఆయన పోయారు. ఆమె చూపు దగ్గర రెండుసార్లు ఆపేశాను. మూడోసారి పెట్టలేదు. పాట మాత్రం వింటూనే ఉంటాను.

ప్రశ్న: పాట నచ్చకపోయినా వీడియో బాగుంటే చూస్తారా?

జవాబు: చూస్తాను. సౌండ్ తీసేసి, మా అన్నయ్య క్యాసెట్ పెట్టుకుని. ఒక్కోసారి భలే కుదురుతుంది.