మన ఊరి మీదే పీహెచ్‌డీ చేస్తానంటే

నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి అమెరికా వచ్చే పిల్లలు ఇదివరకు అపార్ట్‌మెంటు, పాత కారు, క్రెడిట్ కార్డు గురించి అడిగేవాళ్లు. ఈమధ్య ఇంకో సందేహం కూడా అడుగుతున్నారు. "అన్నా, టాపిక్ నన్నే చూసుకోమంది మా గైడ్. మా కనిగిరి నీళ్ల మీద చేద్దామనుకుంటన్నా. సెలవులకి ఇంటికి పోయినప్పుడు శాంపిళ్లు తెచ్చుకుంటే చాలుగదా?" ఒకరిది ఫ్లోరైడ్, ఇంకొకరిది రొయ్యల చెరువుల్లో తెగులు, మరో అమ్మాయిది పొగాకు బ్యారన్ల (ఆకు కాల్చే కొట్టాల) దగ్గర ఆకు కట్టే ఆడకూలీల ఆరోగ్యం.

ఆలోచన మంచిదే. ఆ ఊళ్ల గురించి మీకు తెలిసినంత మీ గైడ్‌కి తెలియదు, మీ డిపార్ట్‌మెంటులో ఇంకెవరికీ తెలియదు. కానీ మన ఊరే కాబట్టి మనకి ఎవరి పర్మిషనూ అక్కర్లేదనుకుంటారు చూడండి, చాలామంది దెబ్బతినేది అక్కడే.

ముందు డబ్బు సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. సైన్సు, ఇంజనీరింగుల్లో పీహెచ్‌డీకి చేతి డబ్బు పెట్టుకోవద్దు. ట్యూషన్ ఫీజు మాఫీ, దానిపైన టీఏ (పాఠాలు చెప్పడంలో సాయం) గానో ఆర్ఏ (పరిశోధనలో సాయం) గానో స్టైపెండ్ రావాలి. అవి లేకుండా సీటు ఇస్తామన్నారంటే ఇంట్లో పొలం కాగితాలు బ్యాంకులో పెట్టే ముందు ఒకటికి నాలుగుసార్లు ఆలోచించండి. ఫీల్డ్‌వర్క్ ఖర్చు స్టైపెండ్‌లో ఉండదు. టికెట్లు, ల్యాబ్ టెస్టులు, ఊళ్లో ఆటో బాడుగ ఎవరు పెట్టుకుంటారో టాపిక్ ఖాయం చేసుకునే రోజే గైడ్‌ని అడగండి. అడగడానికి మొహమాటపడేది మనవాళ్లే. వాళ్లు ఏమీ అనుకోరు.

ఇక పాత పరిశోధన వెతకడం. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు, పళ్లు దెబ్బతింటున్నాయని మన దేశంలో మొదట పత్రికకెక్కింది మన ప్రాంతం నుంచే. షార్ట్ అనే డాక్టరు, ఆయన సహచరులు 1937లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో రాశారు. ఆ పేపరు కోసం కొత్తగా వచ్చినవాళ్లు గూగుల్ స్కాలర్‌లో 'ప్రకాశం' అని కొట్టి, ఏమీ రావట్లేదంటారు. ఎట్లా వస్తుంది? అప్పటికి ఆ జిల్లానే లేదు. కనిగిరి, పొదిలి, దర్శి 1970 దాకా నెల్లూరు జిల్లావి, 1937 నాటికి అంతా మద్రాసు ప్రెసిడెన్సీ. మా కందుకూరైతే 1970లో ప్రకాశంలోకి పోయి 2022లో మళ్లీ నెల్లూరుకి వచ్చింది. కాబట్టి పాత తాలూకా పేర్లతో, పాత జిల్లా పేర్లతో, ఇంగ్లీషువాళ్ల స్పెల్లింగులతో కూడా వెతకండి. ఒంగోలు గిత్తల మీద చేసేవాళ్లు 'నెల్లూరు'ని ఒకే ఎల్ వేసి కొట్టి చూడండి, బ్రెజిల్ పేపర్లు కుప్పలుగా దొరుకుతాయి. మన గొడ్ల జాతిని వాళ్లు తీసుకెళ్లి ఆ పేరుతోనే పెంచుతున్నారు. జన్యుశాస్త్రం, మేత, మాంసం అన్నీ వాళ్లు రాసి పెట్టారు. సొంత జాతి గురించి పోర్చుగీసువాళ్ల భాషలో చదవాల్సి రావడం కొంచెం కడుపుమంటగానే ఉంటుందిలెండి.

ఇప్పుడు అసలు విషయం, పర్మిషన్లు.

బోరు నీళ్లు పట్టి ఫ్లోరైడ్ కొలవడం వరకైతే పెద్ద గొడవ లేదు. ప్లాస్టిక్ సీసాల్లో పట్టండి, ఫ్లోరైడ్‌కి గాజు పనికిరాదు. ఆ సీసాల్ని సూట్‌కేసులో మోసుకురావాల్సిన పని కూడా లేదు. ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడ్ ఉన్న ల్యాబ్ అక్కడే చూసుకుని కొలిపించండి, ఇక్కడికి అంకెలు వస్తే చాలు. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత గీసింది. ఆ అంకె పక్కన మీ అంకె పెట్టి చూసుకోవచ్చు.

అదే బోరు దగ్గర నిలబడి "అమ్మా, మీ ఇంట్లో ఎవరికైనా మోకాళ్లు పట్టేస్తున్నాయా?" అని అడిగి రాసుకున్నారంటే అది మనుషుల మీద పరిశోధన కిందికి వస్తుంది. మీ యూనివర్సిటీలో ఐఆర్‌బీ అని ఒక కమిటీ ఉంటుంది. దాని అనుమతి చేతికి రాకముందు ఒక్క ప్రశ్న కూడా అడగకూడదు. అడిగేసి తర్వాత పర్మిషన్ తెచ్చుకుందామంటే ఇవ్వరు, ఆ డేటా థీసిస్‌లో పెట్టనివ్వరు. "మా అత్తేగదా, మా వీధేగదా" అంటే కుదరదు. నిజానికి అత్త అయితేనే ఇంకా జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే మీకు కాదని చెప్పలేక చెబుతుంది. ఇక్కడి కమిటీలు ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. అలబామాలోని టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ ఉన్న నల్లజాతి మగవాళ్లకి సంగతి చెప్పకుండా, మందు వచ్చాక కూడా ఇవ్వకుండా జబ్బు ఎట్లా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. అది బయటపడ్డాకే ఈ నిబంధనలు బిగిశాయి. పల్లెలో పెద్దవాళ్లు చదువుకోకపోవచ్చు. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, చదివి వినిపించాలి, వేలిముద్ర వేయించేటప్పుడు మీ బృందంలో లేని సాక్షి ఒకరు ఉండాలి. ఆ తెలుగు కూడా పాఠ్యపుస్తకం తెలుగు కాకుండా కనిగిరి సంతలో మాట్లాడుకునే తెలుగు కావాలి.

మూత్రం, రక్తం శాంపిళ్ల దాకా వెళ్లారంటే సంగతే వేరు. అక్కడి ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి. విదేశీ నిధులో, విదేశీ సంస్థో కలిసిన ఆరోగ్య పరిశోధన అయితే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) చూసే హెల్త్ మినిస్ట్రీ స్క్రీనింగ్ కమిటీ దాకా ఫైలు వెళ్లాలి. మీ పేరుతో ఒంటరిగా నడిపించలేరు, అక్కడి మెడికల్ కాలేజీలో ఒక డాక్టరు ముందుండి నడిపించాలి.

రొయ్యలు, వరి, గొడ్ల మీద పనిచేసేవాళ్లకి ఇంకో చట్టం తగులుతుంది. అది చాలామందికి తెలియనే తెలియదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం మన దేశపు జీవ వనరుల్ని పరిశోధనకి తీసుకోవాలంటే విదేశీయులే కాదు, ఆదాయపు పన్ను లెక్కలో నాన్-రెసిడెంటు అయిన భారతీయులు కూడా ముందు నేషనల్ బయోడైవర్సిటీ అథారిటీ అనుమతి తీసుకోవాలి. ఆఫీసు మనకి దగ్గర్లోనే, చెన్నైలో. "నాది ఇండియన్ పాస్‌పోర్టేగదన్నా" అంటారు. పాస్‌పోర్టు ఒక్కటీ చాలదు. రెండు సంస్థలు కలిసి చేసే ఉమ్మడి ప్రాజెక్టు ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం ఆమోదం పొందితే దానికి మినహాయింపు ఉంది. అందుకే వ్యవసాయ విశ్వవిద్యాలయంలోనో, మత్స్య కళాశాలలోనో ఒక భాగస్వామిని మొదటి సంవత్సరమే వెతుక్కోమంటాను. నెల్లూరు వ్యవసాయ పరిశోధన స్థానం 1937 నుంచి వరి మీద పనిచేస్తోంది, నెల్లూరు మసూరి అక్కడిదే. పొగాకు వాళ్లకైతే కందుకూరులో పొగాకు పరిశోధన స్టేషన్ ఉంది.

అమెరికా వైపు నుంచి కూడా తలుపు మూసే ఉంటుంది. మట్టి, వడ్లు, పశువుల రక్తం ఇక్కడి వ్యవసాయ శాఖ పర్మిట్ లేకుండా తెస్తే విమానాశ్రయంలోనే లాక్కుంటారు. అమ్మ కట్టిచ్చిన ఆవకాయ మధ్యలో మొలగొలుకుల వడ్లు దాచుకొచ్చే తెలివి చూపించొద్దు. వీసా మీద ఉన్నవాళ్లు కస్టమ్స్ ఫారంలో అబద్ధం చెప్పకూడదు.

పేపరు రాసేటప్పుడు పేర్ల తగాదా వస్తుంది. ఎండలో తిరిగి శాంపిళ్లు సేకరించి, లెక్కల్లో తప్పు పట్టిన డిగ్రీ కాలేజీ లెక్చరర్‌కి చివర్లో ఒక థాంక్స్ పడేసి, ఒక్కరోజు కూడా రాని హెచ్ఓడీ పేరు రచయితల్లో పెట్టడం మన దగ్గర చూస్తూనే ఉన్నాం. వైద్య పత్రికలు పాటించే నిబంధన తేలికగానే ఉంటుంది. పనిలో నిజమైన భాగం, రాతలో పాలు, చివరి ప్రతికి ఒప్పుకోలు, తప్పు తేలితే జవాబుదారీ. ఈ నాలుగూ ఉన్నవాళ్లే రచయితలు. ఆ లెక్చరర్ డ్రాఫ్టు చదవడానికి మీరు పంపకపోతే ఆయన రెండోది ఎట్లా తీరుస్తాడు? పంపడం మీ బాధ్యత.

"రెండు వారాల్లో అచ్చేస్తాం, ఫీజు కట్టండి" అనే జర్నళ్ల మెయిళ్లు మొదటి పేపరు బయటికి రాగానే మొదలవుతాయి. తెరవకుండా డిలీట్ చేయండి. ఇండియాలో ప్రమోషన్ కోసం అట్లాంటివాటికి డబ్బు కట్టిన పెద్దవాళ్లు మీకూ అదే సలహా ఇస్తారు. నమస్కారం పెట్టి వదిలేయండి.

ఇక ఎప్పుడు వెళ్లాలి? ఇక్కడ గైడ్లకి ఇండియాలో వానలంటే జూన్ నుంచి సెప్టెంబరు. "వానల తర్వాత శాంపిల్ అక్టోబరులో తీసుకో" అంటారు. నెల్లూరు వైపు అసలు వాన పడేదే అక్టోబరు, నవంబరుల్లో, ఈశాన్య ఋతుపవనాలకి. ప్రకాశంలో కూడా ఆ వాన బాగానే పడుతుంది. ఒక వర్షపాతం పట్టిక తీసుకెళ్లి గైడ్ ముందు పెట్టండి, వింటారు. అంటే ఎండిన బోర్లకి మే నెల, వాన తర్వాతకి జనవరి. జనవరి ట్రిప్పుకి ఐఆర్‌బీ దరఖాస్తు ఆగస్టులోనే పెట్టండి, తెలుగు పత్రాలు సరిచూడడానికి వాళ్లు టైమ్ తీసుకుంటారు. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉంటే యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20 పత్రం మీద ట్రావెల్ సంతకం సంవత్సరం దాటిందేమో చూసుకోండి. ఐదు నెలలకి మించి ఉండాల్సి వస్తే టికెట్ కొనకముందే ఇంటర్నేషనల్ ఆఫీసులో మాట్లాడండి. ఫలితాలు వచ్చాక ఏ బోరు నీళ్లు తాగకూడదో తెలుగులో ఒక్క పేజీ రాసి పంచాయతీకి, గ్రామీణ నీటి సరఫరా ఇంజనీరుకి ఇచ్చి రండి. థీసిస్ డిఫెన్స్ అయ్యేదాకా దాన్ని ఆపొద్దు.