ఫార్మాట్ కన్వర్టర్ తరువాత టైమ్ కోడ్ మారిపోతుంటే ఏయే సెట్టింగులు చూడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: కెమెరా నుంచి వచ్చే సెకనుకు 25 ఫ్రేముల ఇంటర్లేస్డ్ (ఒక్కో ఫ్రేమ్‌ను ఫీల్డులనే రెండు సగాలుగా పంపే) ఎస్‌డీఐ (కేబుల్‌పై డిజిటల్ వీడియో పంపే పద్ధతి) సిగ్నల్‌ను, ఫ్రేమ్ సింక్రనైజర్ (చిత్రాన్ని కొద్దిసేపు ఆపి మిగతా పరికరాల సమయానికి సరిపోల్చే భాగం) ఉన్న ఫార్మాట్ కన్వర్టర్ ద్వారా సెకనుకు 50 ఫ్రేముల ప్రోగ్రెసివ్‌గా (ప్రతి ఫ్రేమ్‌నూ పూర్తి చిత్రంగా) మార్చి రికార్డర్‌కు పంపుతున్నారు. కన్వర్టర్ ఇన్‌పుట్ పేజీలో టైమ్ కోడ్ (ప్రతి ఫ్రేమ్‌కు గంట, నిమిషం, సెకను, ఫ్రేమ్‌గా ఇచ్చే సంఖ్య) సరిగానే కనిపిస్తోంది. రికార్డర్‌లో మాత్రం అది ఒక్కోసారి సున్నా నుంచి మొదలవుతోంది, ఒక్కోసారి చిత్రంతో ఒకటి రెండు ఫ్రేములు తేడాగా ఉంటోంది. ఇలాంటి పరికరాలను అమర్చే పనిలో ఈ రెండు లక్షణాలనూ నేను తరచుగా చూస్తుంటాను. వీటిని ఒకే సమస్యగా భావించి వెతికితే చాలా సమయం వృథా అవుతుంది కనుక, విడివిడిగా చూద్దాం.

సున్నా నుంచి మొదలవడం సాధారణంగా సోర్స్ (టైమ్ కోడ్‌ను ఎక్కడి నుంచి తీసుకోవాలి అనే) ఎంపికకు సంబంధించిన విషయం. కన్వర్టర్ టైమ్ కోడ్‌ను ఉన్నదున్నట్టుగా దాటించదు. చిత్రాన్ని కొత్త ఫార్మాట్‌లోకి మార్చేటప్పుడు పాత సిగ్నల్‌లోని యాన్సిలరీ డేటా (చిత్రంతో పాటు వచ్చే అదనపు సమాచారం) అక్కడితో ఆగిపోతుంది. పరికరం టైమ్ కోడ్‌ను చదివి, తనలోని జనరేటర్‌కు అందించి, అవుట్‌పుట్‌లో కొత్తగా రాస్తుంది. హెచ్‌డీ సిగ్నల్‌లో ఈ సమాచారం ఎస్‌ఎంపీటీఈ 12-2 ప్రమాణం ప్రకారం ప్యాకెట్ల రూపంలో ఉంటుంది. చాలా మెనూలలో దీనికి ఇప్పటికీ ఆర్‌పీ 188 అనే పాత పేరే కనిపిస్తుంది. ఈ ప్యాకెట్లలో ఎల్‌టీసీ రకం, వీఐటీసీ 1, వీఐటీసీ 2 అని మూడు రకాలు ఉంటాయి (ఎల్‌టీసీ అంటే మొదట ఆడియోలాంటి విడి సిగ్నల్‌గా, వీఐటీసీ అంటే మొదట చిత్రంలోని కనిపించని గీతల్లో వచ్చిన టైమ్ కోడ్). కన్వర్టర్ ఎల్‌టీసీ రకాన్ని మాత్రమే రాస్తూ, రికార్డర్ వీఐటీసీ కోసమే వెతుకుతూ ఉంటే, రెండు పరికరాలూ సక్రమంగా పనిచేస్తున్నట్టే కనిపిస్తాయి, కానీ రికార్డర్‌కు టైమ్ కోడ్ అందదు. అందువల్ల అవుట్‌పుట్‌లో అన్ని రకాలనూ రాసే వీలుంటే అన్నింటినీ ఆన్ చేయడం మంచిది.

ఇన్‌పుట్ వైపు మాత్రం సోర్స్‌ను ఆటోలో వదిలేయవద్దని నా సలహా. ఒక అమరికలో అదే సిగ్నల్‌లోని వీఐటీసీ, ఎల్‌టీసీ ప్యాకెట్లు రెండు ఫ్రేముల తేడాతో వస్తుండేవి. వీఐటీసీ క్షణకాలం ఆగినప్పుడల్లా ఆటో ఎంపిక ఎల్‌టీసీకి మారేది, మళ్ళీ వెనక్కి వచ్చేది. చిత్రంలో ఏ లోపమూ లేకపోయినా, టైమ్ కోడ్ తెగిందని భావించిన రికార్డర్ క్లిప్‌ను ముక్కలు చేస్తూ పోయింది. సోర్స్‌ను ఒకదానికే కట్టివేయగానే అది ఆగిపోయింది.

సోర్స్ పోయినప్పుడు ఏం చేయాలో చెప్పే సెట్టింగు కూడా ముఖ్యం. ప్రత్యక్ష ప్రసారాన్ని రికార్డు చేస్తుంటే, చివరి విలువ నుంచి లెక్క కొనసాగించే ఫ్రీ రన్ పద్ధతి సరైనది. పాత టేపులనో ఫైళ్లనో లోపలికి తీసుకునే పనిలో మాత్రం టైమ్ కోడ్ రాయడం ఆపివేసే పద్ధతినే నేను ఎంచుకుంటాను, ఎందుకంటే అక్కడ ఫ్రీ రన్ లోపాన్ని కప్పిపుచ్చుతుంది. యూజర్ బిట్లలో (టైమ్ కోడ్‌లో వాడేవారి సమాచారం కోసం ఉంచిన చోట) తేదీ, రీలు సంఖ్య వంటివి ఉండవచ్చు కనుక వాటిని దాటించే ఎంపికను కూడా ఆన్ చేయండి.

మీ అవుట్‌పుట్ 50 ఫ్రేములది కనుక ఒక అనుమానాన్ని ముందే తీర్చాలి. టైమ్ కోడ్‌లో ఫ్రేముల లెక్క అప్పుడు కూడా 00 నుంచి 24 వరకే నడుస్తుంది. ప్రతి సంఖ్య వరుసగా రెండు ఫ్రేములకు వర్తిస్తుంది, వాటిలో ఏది మొదటిదో ఏది రెండవదో ఒక ఫ్లాగ్ బిట్ చెబుతుంది. రికార్డర్‌లో ఒక్కొక్క ఫ్రేమ్ జరుపుతున్నప్పుడు ఒకే సంఖ్య రెండుసార్లు కనిపిస్తే అది లోపం కాదు. డ్రాప్ ఫ్రేమ్ గురించి మీకు ఆందోళన అవసరం లేదు, అది 29.97 ఫ్రేముల కుటుంబానికి చెందినది. అక్కడ గంటకు 108 ఫ్రేముల మేరకు, అంటే సుమారు 3.6 సెకన్ల మేరకు లెక్క గడియారం కంటే వెనుకబడుతుంది కనుక, పదో నిమిషాలను మినహాయించి ప్రతి నిమిషం మొదట 00, 01 సంఖ్యలను వదిలేస్తారు. వదిలేసేది సంఖ్యలనే తప్ప చిత్రాలను కాదు.

ఇక ఒకటి రెండు ఫ్రేముల తేడా విషయం. ఇంటర్లేస్డ్ చిత్రాన్ని ప్రోగ్రెసివ్‌గా మార్చడానికి కన్వర్టర్ ముందువెనుక ఫీల్డులను చూడవలసి ఉంటుంది కనుక చిత్రం ఆలస్యమవుతుంది, ఫ్రేమ్ సింక్రనైజర్ ఆ ఆలస్యానికి మరికొంత కలుపుతుంది. ఎస్‌డీఐలోనే వచ్చిన టైమ్ కోడ్‌కు కన్వర్టర్ ఇదే ఆలస్యాన్ని ఇస్తే రెండూ కలిసే బయటికి వస్తాయి. విడి కేబుల్‌పై వచ్చే ఎల్‌టీసీని నేరుగా రికార్డర్‌కు ఇచ్చినా, కన్వర్టర్ ఎల్‌టీసీ ఇన్‌పుట్‌కు ఇచ్చి సరిదిద్దకుండా వదిలేసినా, చిత్రం కంటే టైమ్ కోడ్ ముందుంటుంది.

తేడాను కొలవడానికి, చిత్రం మీదే టైమ్ కోడ్ అంకెలు ముద్రించి ఉన్న ఒక టెస్ట్ సిగ్నల్‌ను ఇన్‌పుట్‌కు ఇచ్చి రికార్డు చేసి, ఏదో ఒక ఫ్రేమ్ వద్ద ఆపండి. చిత్రంలో 10:14:32:07 అని, రికార్డర్ డిస్‌ప్లేలో 10:14:32:09 అని ఉంటే టైమ్ కోడ్ రెండు ఫ్రేములు ముందున్నట్టు, కాబట్టి ఆఫ్‌సెట్‌ను (టైమ్ కోడ్‌ను ముందుకో వెనక్కో జరిపే సెట్టింగును) మైనస్ 2గా పెట్టాలి. కొన్ని పరికరాలలో ఈ గుర్తు తలకిందులుగా ఉంటుంది కనుక మార్చిన తరువాత మళ్ళీ కొలవండి.

ఈ కొలత నిలకడగా ఉండాలంటే రిఫరెన్స్ (పరికరాలన్నీ తమ సమయాన్ని కలుపుకునే ఉమ్మడి సిగ్నల్) సరిగ్గా ఉండాలి. కెమెరా స్టేషన్ రిఫరెన్స్‌కు లాక్ కాకపోతే, దాని ఫేజ్ (ఫ్రేమ్ మొదలయ్యే క్షణం) జరుగుతున్నకొద్దీ సింక్రనైజర్ ఆలస్యం ఒక ఫ్రేమ్ పరిధిలో మారుతూ ఉంటుంది. పొద్దున సరిపోయిన ఆఫ్‌సెట్ సాయంత్రానికి సరిపోకపోవడానికి ఇదే కారణం. మీ తేడా ఒక్కోసారి ఒకటి, ఒక్కోసారి రెండు ఫ్రేములు ఉంటోందని రాశారు కనుక, ఆఫ్‌సెట్ జోలికి వెళ్ళకముందే కెమెరా, కన్వర్టర్, ఎల్‌టీసీ జనరేటర్ మూడూ ఒకే రిఫరెన్స్‌కు లాక్ అయ్యాయో లేదో చూడండి. నా అనుమానం ఎక్కువగా అక్కడే ఉంది.

చివరిగా, పరికరాన్ని ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేసి టైమ్ కోడ్ పేజీని చూడండి, ఎందుకంటే ఈ సెట్టింగులు ప్రీసెట్‌లో భద్రం కాని పరికరాలు కూడా ఉన్నాయి. ఇన్ని చేసినా రికార్డర్ సున్నా నుంచే మొదలుపెడితే, దాని మెనూలో టైమ్ కోడ్ సోర్స్ ఇంటర్నల్‌గా ఉండి ఉండవచ్చు. దానిని ఎస్‌డీఐకి మార్చి, ఏ రకం ప్యాకెట్ చదువుతోందో ఇక్కడ రాస్తే మిగతాది చూడవచ్చు.