ఏడేళ్లు కట్టిన పెన్షన్ డబ్బు వెనక్కి తీసేసుకోవాలా?

ప్రశ్న: ఏడేళ్లు ఒక దేశంలో ఉద్యోగం చేసి ఈ మధ్యే ఇంకో దేశానికి మారాను. పాత దేశంలో పెన్షన్ రావాలంటే కనీసం పదేళ్లు కట్టాలట, అందుకని కట్టింది వెనక్కి తీసేసుకోమంటున్నారు ఫ్రెండ్స్. అక్కడ నా ఇంటిమీద అద్దె కూడా వస్తుంది, దానికి రెండు చోట్లా టాక్స్ కట్టాలా? దేశాల మధ్య ఒప్పందాలు ఉంటాయంటారు గానీ అవి ప్రభుత్వాలకే కదా, మనలాంటోళ్లకి ఏం పనికొస్తాయి?

జవాబు: ముందు ఆ డబ్బు తీయకండి. అప్లికేషన్ పెట్టేసి ఉంటే వెంటనే ఆపించండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

ఎందుకంటే మీ రెండు దేశాల మధ్య సోషల్ సెక్యూరిటీ ఒప్పందం ఉండి, అందులో సర్వీసు కలిపి లెక్కేసే రూలు ఉంటే, అక్కడి ఏడేళ్లకి ఇక్కడ మీరు చేసే ఏళ్లు కలిపి చూస్తారు. ఇక్కడ ఇంకో మూడేళ్లు చేస్తే పదేళ్ల షరతు తీరిపోయినట్టే. డబ్బేమీ ఒక దేశం నుంచి ఇంకో దేశానికి వెళ్లదు, అర్హత చూసేటప్పుడు మాత్రమే కలుపుతారు, వయసొచ్చాక పాత దేశం తన ఏడేళ్ల వాటా వరకే ఇస్తుంది, అది చిన్నదే అవ్వచ్చు గానీ బతికున్నంత కాలం వస్తుంది. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే చాలా చోట్ల ఆ సర్వీసే రద్దయిపోతుంది, ఇక కలపడానికి ఏమీ మిగలదు. తొందరపడి తీసేసుకుని తర్వాత బాధపడినవాళ్లని చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నా. ఒప్పందం లేదని తేలితే అప్పుడు తీసుకోవడం గురించి ఆలోచిద్దాం.

ప్రభుత్వాలకే కదా అన్నారు, ఇలాంటి మొదటి ఒప్పందాల్లో ఒకటి 1904లో ఫ్రాన్స్, ఇటలీ చేసుకున్నది, అదే పొరుగు దేశంలో కూలికెళ్లిన పనివాళ్ల కోసం.

ఇక అద్దె సంగతి. ఇల్లు ఎక్కడుంటే ఆ దేశానికి దానిమీద టాక్స్ వేసే హక్కు ఉంటుంది, దాదాపు అన్ని టాక్స్ ఒప్పందాల్లోనూ ఇదే రూలు. మీరుండే దేశం కొన్ని ఒప్పందాల్లో ఆ అద్దెని వదిలేస్తుంది, ఇంకొన్నింట్లో అక్కడ కట్టింది తగ్గించి మిగతాది అడుగుతుంది. అద్దె 100 అనుకోండి, అక్కడ 20 కట్టారు, ఇక్కడి రేటు ప్రకారం 30 పడుతుంది, అప్పుడు ఇక్కడ 10 కడితే చాలు, మొత్తం 50 కట్టక్కర్లేదు. ఇక్కడి రేటు 15 అయితే ఏమీ కట్టరు, కానీ అక్కడ ఎక్కువ కట్టిన 5 ఎవరూ తిరిగివ్వరు. అయితే ఇది దానంతటదే జరిగిపోదు, అద్దె ఇక్కడి రిటర్న్‌లో చూపించి, అక్కడ టాక్స్ కట్టిన రుజువు పెట్టి మీరే అడగాలి. చెప్పకుండా వదిలేద్దాం అని మాత్రం అనుకోవద్దు, 2017 నుంచి చాలా దేశాలు వేరే దేశంలో ఉండేవాళ్ల బ్యాంకు ఖాతాల వివరాలు ఒకదానికొకటి పంపుకుంటున్నాయి.

మారిన ఏడాదికి రెండు దేశాలూ టాక్స్ విషయంలో మిమ్మల్ని మావాడే అంటే? ఏడాదిలో 183 రోజులు ఎక్కడుంటే ఆ దేశం వాళ్లమే అన్న లెక్కతో తేలిపోతుందని చాలామంది నమ్ముతారు, అది పొరపాటు. ఒప్పందంలో సాధారణంగా ముందు మీరు స్థిరంగా ఉండడానికి ఇల్లు (సొంతమైనా, అద్దెదైనా) ఎక్కడుందో చూస్తారు, రెండు చోట్లా ఉంటే కుటుంబం, సంపాదన ఎటు ఎక్కువ ముడిపడ్డాయో, తర్వాత మామూలుగా ఎక్కడ ఉంటారో, చివరికి పౌరసత్వం.

మీరు అడగలేదు గానీ, రాకపోకలు ఉంటాయి కాబట్టి చెప్తున్నా, అంతర్జాతీయ ఫ్లైట్‌లో బ్యాగు పాడైతే 7 రోజుల్లో, లేటుగా వస్తే చేతికొచ్చిన 21 రోజుల్లో రాతపూర్వకంగా కంప్లయింట్ ఇవ్వాలి, 1999 మాంట్రియల్ ఒప్పందం పరిహారం అడిగే హక్కు ఇచ్చింది, గడువు దాటితే అది పోతుంది.

ఈ వారంలో పాత దేశం పెన్షన్ ఆఫీసు నుంచి మీ ఏడేళ్ల సర్వీసు రికార్డు రాతపూర్వకంగా తెప్పించుకోండి, పాత కంపెనీలో మిమ్మల్ని ఎరిగినవాళ్లు ఉండగానే అందులో తప్పులుంటే సరిచేయించుకోవచ్చు.